కొండల్ చెప్పిన అంకె

మెట్లెక్కి వచ్చిన ఆడమనిషి లోపలికి రాలేదు. గుమ్మంలో నిలబడి, కిందికి వంగి రోడ్డువైపు చూసి, ఎవరూ వెంట రాలేదని నమ్మకం కుదిరాకే చెప్పులు విడిచింది. నవనీత లేచి కుర్చీ లాగింది. వాన నీళ్లు కారుతున్న కొంగును పిండుకుంటూ ఆమె కూర్చుంది కానీ కుర్చీ అంచు మీదే కూర్చుంది.

కరీంనగర్ ముకరంపురలో టైర్ల దుకాణం పైన ఉన్న ఆ రెండు గదులే డిటెక్టివ్ కైలాసం ఆఫీసు. ఆయన సర్వీసంతా గోదావరి ఒడ్డున బొగ్గు గనుల స్టోర్స్‌లో గడిచింది. రిటైరయ్యాక మాయమైన సరుకుల కేసులతో మొదలుపెట్టి, మాయమైన మనుషుల కేసుల దాకా వచ్చాడు. బీకాం చదివిన నవనీత ఆయన దగ్గర సహాయకురాలిగా చేరి రెండేళ్లయింది. తాను మూడుసార్లు చదివి పక్కన పెట్టిన కాగితంలో ఆయన ఒక్క చూపుతో తప్పు పట్టుకుంటే ఆమెకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

"నా పేరు స్వరూప సారు. చొప్పదండి కాడ దాణా ఫ్యాక్టరీల జనం కొట్టి సంపిన కొండల్... ఆయన నా పెనిమిటి."

ఆ వార్త ఇద్దరికీ తెలుసు. ఆ ఫ్యాక్టరీ దాణా తిని పక్క ఊళ్లో పదకొండు బర్రెలు ఒక్క పూటలో చచ్చిపోయాయి. పశువుల డాక్టరు కోసి చూసి, కడుపులో యూరియా ఉందన్నాడు. మర్నాడు ఊరు ఊరంతా గేటు మీదికి వెళ్లింది. స్టోర్ ఇన్‌ఛార్జ్ కొండల్‌ను కొట్టారు. అతను కరీంనగర్ ఆసుపత్రిలో ప్రాణం విడిచాడు. గుర్తు తెలియని వ్యక్తులు కొట్టారని పోలీసులు కేసు రాసుకున్నారు.

"దాణాల కలిపే ఉప్పుకు బదులు యూరియా ఇచ్చింది మీ ఆయనే అని పేపర్ల రాసిండ్రు గదమ్మా," అన్నాడు కైలాసం.

"అంతా గదే అంటున్నరు సారు. కంప్యూటర్ల ఆయన పేరే ఉందట. దుబాయ్‌ల ఎనిమిదేండ్లు గోదాముల పని చేసిండు, ఒక్క డబ్బ అటిటు కాలే. గీడికొచ్చి గింత గుడ్డిపని చేస్తడా? నేను ఫ్యాక్టరీకి పోయి అడిగిన. గప్పటిసంది ఇద్దరు బండి మీదొచ్చి ఇంటి ముందు ఆగుతున్నరు. 'ఊకో వదినా, పిల్లను చూసుకో' అంటున్నరు."

"ఆసుపత్రిల మీతోటి ఏమన్నా మాట్లాడిండా?"

"నోరు తిరగలే సారు. ఒక్కటే మాట అన్నడు. 'నలభై ఐదు'. ఏం నలభై ఐదయ్యా అంటే మళ్ల గదే. పోలీసాయన, సోయి లేక వాగుతున్నడు, రాసుకునేదేం లేదన్నడు."

కైలాసం కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "ఆ యూరియా ఎప్పుడొచ్చిందని చెప్తున్నరు?"

"పోయిన నెల ఆదివారం నాడట. గా దినం మేమంత మా ఆడిబిడ్డ ఊరు ఇచ్చోడల ఉన్నం సారు, ఆమె మనుమడి తొట్టెల ఫంక్షన్. ఆయన ఫోన్ల నుంచే కంప్యూటర్ల ఎక్కించిండంటున్నరు. ఆయన దగ్గర బటన్ల ఫోనే ఉండె. పెద్ద ఫోను బిడ్డ చదువుకిచ్చిండు."

"పదండి," అన్నాడు కైలాసం లేస్తూ.

*

చొప్పదండి ఎస్సై అరుణ్‌కుమార్‌కు కైలాసం పాత పరిచయం. ఎస్సై వెంట ఉండటంతో ఫ్యాక్టరీ గేటు తెరుచుకుంది. యజమాని ప్రేమ్‌సాగర్ ఎదురొచ్చి నమస్కారం పెట్టాడు. మనిషి నిద్రలేక వాడిపోయి ఉన్నాడు.

స్టోర్ గదిలో కంప్యూటర్ ముందు నవనీత కూర్చుంది. మిక్సింగ్ సూపర్‌వైజర్ సంపత్ స్టాకు తెర తెరిచి ఇచ్చాడు. ఒకదాని కింద ఒకటి వరుసలు, అడ్డంగా గళ్లు. నవనీతకు అవన్నీ ఒకేలా కనిపించాయి.

"భయపడకు," అన్నాడు కైలాసం ఆమె భుజం వెనక నిలబడి. "ఒక్కో గడి ఒక్కో ప్రశ్న అనుకో. ఐటం అంటే ఇదేం సరుకు? లాట్ నంబర్ అంటే ఏ సారి వచ్చిన సరుకు? బస్తా బరువు అంటే ఒక్క బస్తాల ఎన్ని కిలోలు? లొకేషన్ అంటే యాడ పెట్టినం? స్టేటస్ అంటే ముట్టొచ్చా, ముట్టొద్దా? మనిషి ఒక గడిల అబద్ధం రాస్తడు. పక్క గడిల కూడా దానికి తగ్గట్టు రాయాల్నని యాదికి రాదు. ఇప్పుడు ఉప్పు చూపియ్."

నవనీత ఉప్పు వరుసలు తీసింది. పాత లాట్లన్నిటికీ బస్తా బరువు యాభై. లొకేషన్ గడిలో 'ఎ-2-1', 'ఎ-2-3' అని ఉంది. గోదాములో ఏ వరుస, ఏ అర, ఎన్నో అంతస్తు అన్నది అలా రాసేవాడట కొండల్, దుబాయ్ అలవాటు. చివరి లాట్ దగ్గర ఆమె వేలు ఆగిపోయింది.

"సార్, దీని బస్తా బరువు నలభై ఐదు!"

"లొకేషన్?"

"షెడ్-2. స్టేటస్, రిలీజ్."

"మార్పులు చూపించే పేజీ తియ్."

ఆదివారం నాడు ఎక్కించినప్పుడు ఆ లాట్ బస్తా బరువు యాభైగా ఉంది. మర్నాడు ఎవరో దాన్ని నలభై ఐదుగా దిద్ది, స్టేటస్‌ను 'హోల్డ్'లో పెట్టారు. వారం తర్వాత హోల్డ్ తీసేసి 'రిలీజ్' చేశారు. ఆ వెంటనే మిక్సింగ్ సెక్షన్‌కు ఉప్పు కింద ఆ బస్తాలే వెళ్లాయి. మూడుచోట్లా మార్చినవారి పేరు కొండల్ అనే ఉంది.

"హోల్డ్ అంటే ఏంది?" అడిగాడు ఎస్సై.

"అనుమానం తీరేదాంక ఎవరూ ముట్టొద్దని తాళం వేసినట్టు," అన్నాడు కైలాసం. "సంపత్, ఈ కంప్యూటర్ పాస్‌వర్డ్ ఎవరెవరికి తెలుసు?"

సంపత్ గోడవైపు చూపించాడు. క్యాలెండర్ పక్కన పెన్సిల్‌తో రాసి ఉంది. "అందరికీ ఎరుకే సార్."

"బస్తాలు యాడికెళ్లి తెచ్చి మిక్సర్ల పోసిండ్రు?"

"ఎనుక రేకుల కొట్టంల ఉండె సార్. స్లిప్పు మీద గా లాటే వచ్చింది. తెల్ల సంచులు, మీద ఉప్పని రాసుంది. వానకు తడిసి గడ్డలు గట్టినయ్. దొడ్డుప్పు అనుకున్న. గడ్డలు చితక్కొట్టకుండనే మిక్సర్లకు పోయినయ్." అతను ఎస్సైవైపు తిరిగాడు. "నాక్కూడ రెండు బర్లున్నయ్ సార్. తెలిస్తే పోయిస్తనా?"

తర్వాత యజమానిని పిలిచారు.

"పోయిన నెలంత నేను మహారాష్ట్రల సోయా పిండి కోసం తిరుగుతున్న," అన్నాడు ప్రేమ్‌సాగర్. "ఆ పాత గోదాంల ఏముందో నాకు తెల్వనే తెల్వదు. ఇంటిదే చూసుకున్నది అంతా."

ఆయన భార్య జమున ఏసీ గదిలో ఉంది. లెక్కలూ బ్యాంకు పనులూ ఆమెవే. కళ్ల కింద వాపు ఉన్నా మాట మాత్రం నిలకడగా ఉంది.

"కొండల్ మంచోడేనండి. కానీ మనిషన్నాక ఆశ ఉంటది కదా? నాకు చెప్పకుండా ఎక్కడి సరుకో దింపుకున్నడు. నేను బ్యాంకు కాగితాలు, ఇన్సూరెన్స్ కాగితాలు తప్ప స్టోర్ జోలికే పోను. ఆ షెడ్ టూలకైతే సంవత్సరం అయ్యింది నేను అడుగుపెట్టక."

"దాణాల యూరియా కలుపుతరా మేడం?"

"ఛీ, మా దగ్గర ఆ పని లేదు."

వెనక ఉన్న షెడ్డు ఖాళీగా ఉంది. అంతా కడిగేశారు. మూలన కారుతున్న రేకు కింద ఒక తెల్ల సంచి మాత్రం పరిచి ఉంది. నవనీత దాన్ని ఎత్తి చూసింది. సంచి మూతి దగ్గర నీలం దారం పోగులు వేలాడుతున్నాయి. గోదాములో ఉన్న అసలు ఉప్పు సంచులను చూసొచ్చి చెప్పింది. "వాటికి తెల్ల దారం, సార్."

"భద్రంగ పెట్టు," అన్నాడు కైలాసం.

*

బర్రెలు చచ్చిన ఊరు ఫ్యాక్టరీకి కూతవేటు దూరంలోనే ఉంది. లస్మవ్వ ఇంటి ముందు గుంజలకు తాళ్లు అలాగే కట్టి ఉన్నాయి. ఆమెవి మూడు బర్రెలు పోయాయి. వానలో పొలం నుంచి వస్తూ, పసుప్పచ్చ యూరియా సంచిని మడిచి తల మీద కప్పుకుంది. కైలాసం ఆ సంచి మీద అచ్చువేసిన అక్షరాలను కాసేపు చూశాడు.

"అవ్వా, ఈసారి యూరియా దొరికిందా?"

"యాడిది బిడ్డా? కొమురెల్లి దుకాణం ముంగట మూడొద్దులు లైన్ల చెప్పులు వెట్టినం. ఆధార్ కార్డు చూసి ఒక్క బస్తా ఇచ్చిండు. ఇగ స్టాకు రాలే అన్నడు. వరి ఎర్రవడ్డది." ఆమె గుంజలవైపు చూసింది. "పొలంల పోయనీకి దొరకలే. నా బర్ల కడుపుల మాత్రం దొరికింది."

"ఆ పొద్దు గేటు కాడ మీరున్నరా?"

లస్మవ్వ చూపు దించుకుంది. "ఉన్న."

"కొండల్ ఏమన్నడు?"

"చెయ్యెత్తుకుంట బయటికొచ్చిండు. 'ఉప్పు కాదవ్వా, గది ఉప్పు కాదు, నా మాట ఇనుండ్రి' అన్నడు. గింతల కొమురెల్లి 'గీడే విషం కలిపింది' అని మొత్తుకున్నడు. ఇగ ఎవలింటరు? మా కండ్ల ముంగట పీనుగులే ఉండె."

"మొదలు కొట్టింది ఎవరు?"

"జనం బిడ్డా. జనంల ఎవలని చెప్పాలె?" అంటూ ఆమె లోపలికి వెళ్లిపోయింది.

కొమురెల్లి ఎరువుల దుకాణంలో నలుగురైదుగురు రైతులు కూర్చుని ఉన్నారు. అతను ఊరికి పెద్దమనిషి. ఎస్సైని చూసి కుర్చీలు వేయించాడు, చాయ్ తెప్పించాడు.

"బర్రెకు లక్ష ఇయ్యకుంటే ఫ్యాక్టరీ తెరువనియ్యం సారూ! రైతు ఉసురు పోసుకున్నోళ్లు బాగుపడరు," అన్నాడు అందరికీ వినిపించేలా. "కొండల్‌ది మాత్రం పాపం అనుకోవాలె. జనం కోపం, ఎవలాపుతరు?"

నవనీత చాయ్ గ్లాసు పట్టుకుని గది చుట్టూ చూసింది. మూలన సంచుల మూతి కుట్టే చేతిమిషను ఉంది. దాని మీద నీలం దారం కండె. ఆమె గ్లాసును చప్పున కింద పెట్టబోతే చాయ్ తొణికింది. కైలాసం ఆమె వైపు చూడకుండానే "కాలుతుందా? నెమ్మదిగ తాగు," అన్నాడు.

బయటికి వచ్చాక ఎస్సైతో మెల్లగా ఏదో చెప్పాడు. ఎస్సై తలూపి, ఫోను కంపెనీకి ఉత్తరం పెడతానన్నాడు.

*

మూడో రోజు మధ్యాహ్నం అందరినీ ఫ్యాక్టరీ ఆఫీసు గదికి పిలిపించారు. ప్రేమ్‌సాగర్, జమున పక్కపక్కన కూర్చున్నారు. సంపత్ గోడకు ఆనుకుని నిలబడ్డాడు. రైతుల తరఫున కొమురెల్లి ముందు కుర్చీలో కూర్చున్నాడు, లస్మవ్వ అతని వెనక నేల మీద. స్వరూప కిటికీ దగ్గర నిలబడింది. ఎంత చెప్పినా కూర్చోలేదు.

"స్వరూపమ్మా, మీ ఆయన సోయి తప్పి వాగలేదు," అని మొదలుపెట్టాడు కైలాసం. "నలభై ఐదు అంటే బస్తా బరువు. ఉప్పు బస్తా యాభై కిలోలు. ఫ్యాక్టరీలు మామూలుగ కొనుక్కునే యూరియా బస్తా కూడ యాభయ్యే. సర్కారు రైతులకు తక్కువ ధరకిచ్చే యూరియా బస్తా ఒక్కటే నలభై ఐదు. లస్మవ్వ నెత్తి మీద కప్పుకున్న సంచిమీద అచ్చు గదే ఉంది."

కొమురెల్లి కాలు మీది కాలు దించాడు.

"కొండల్ ఇచ్చోడ నుంచి వచ్చేసరికి తన పేరు మీద తాను దించని ఉప్పు కనిపించింది. అనుమానమొచ్చి బస్తా తూకం వేసిండు. నలభై ఐదొచ్చింది. యాభై కొట్టేసి నలభై ఐదు రాసి, ఎవరూ ముట్టకుండ హోల్డ్‌ల పెట్టిండు. దిద్దింది ఆయనే, ఆపింది ఆయనే. అంత జాగ్రత్తగ ఆపినోడు వారం తిరగంగనే ఏ కారణం రాయకుండ తానే వదిలిపెడతడా? మొదలు ఎక్కించింది, ఆఖరుకు వదిలింది ఇంకో మనిషి. గోడ మీది పాస్‌వర్డుతోటి."

"అది ఎవరైనా కావచ్చు కదండి," అంది జమున.

"కావచ్చు మేడం. కానీ ఎక్కించిన మనిషి లొకేషన్ గడిల 'షెడ్-2' అని రాసిండ్రు. కొండల్ అట్ల రాయడు. సంపత్ దాన్ని రేకుల కొట్టం అంటడు. మీ ఆయన పాత గోదాం అన్నడు. ఈ ఫ్యాక్టరీల షెడ్ టూ అని మీరొక్కరే అన్నరు. ఇన్సూరెన్స్ కాగితాలల్ల దాని పేరు గదే. రాసి రాసి మీకు నోటికొచ్చింది."

ప్రేమ్‌సాగర్ భార్యవైపు తిరిగాడు. ఆమె గోడవైపు చూస్తోంది.

"యూరియా కొద్దిగ కలిపితే పరీక్షల దాణాకు బలం ఎక్కువున్నట్టు కనిపిస్తది, పిండి ఖర్చు మిగులుతది. మెల్లమెల్లగ కలుపుదామని తెప్పించిన్రు. తెల్ల సంచులల్లకు మార్పించి ఉప్పు పేరు పెట్టిన్రు. గింతల రైతుల యూరియా ఫ్యాక్టరీలకు పోతుందని సర్కారోళ్లు తనిఖీలు మొదలువెట్టిండ్రు. హోల్డ్‌ల ఉన్న సరుకునే వాళ్లు ముందు అడుగుతరు. అందుకని మీరు హోల్డ్ తీసేసిన్రు. తీస్తే ఏమైతదో ఆలోచన చెయ్యలే. కంప్యూటర్ దృష్టిల గది ఉప్పు, ముట్టొచ్చు. మిక్సింగ్‌కు స్లిప్పు ఇచ్చేసింది."

"నేను బర్లను చంపాలనుకోలే!" జమున అరిచింది. "గడ్డలు కలిపినోడిది తప్పు. నేను ఒక్క గడి మార్చిన, అంతే!"

సంపత్ తల గోడకేసి కొట్టుకున్నాడు. ఎస్సై వెళ్లి పట్టుకున్నాడు.

"బర్లను చంపాలనుకోలేదు, నిజమే," అన్నాడు కైలాసం. "కానీ కొండల్ సంగతి? ఆ పొద్దున జనానికి అంతా చెప్తనని మీ దగ్గరికొచ్చి ఉంటడు. జనం గేటు కాడికి రాకముందే మీ ఫోన్ నుంచి ఒక ఫోను పోయింది. ఎస్సై గారి దగ్గర వివరాలున్నయ్. ఆ ఫోను పోయింది కొమురెల్లికి."

కొమురెల్లి దిగ్గున లేచాడు. "ఏం మాట్లాడుతున్నవ్? నేను రైతుల మనిషిని!"

నవనీత తెల్ల సంచిని తెచ్చి బల్ల మీద పెట్టింది. పక్కన ఎస్సై ఆ ఉదయమే కొమురెల్లి దుకాణం నుంచి పట్టుకొచ్చిన కుట్టుమిషనును పెట్టాడు. రెండింటిదీ ఒకే నీలం దారం.

"స్టాకు రాలేదని రైతులను లైన్ల నిలబెట్టినవ్. వాళ్ల బస్తాలు సంచి మార్చి ఇక్కడికి తోలినవ్," అన్నాడు కైలాసం. ఆయన గొంతు అలా పెరగడం నవనీత మొదటిసారి విన్నది. "కొండల్ నోరు విప్పితే ఆ జనం నీ మీదికొచ్చేటోళ్లు. అందుకే ఆయన 'ఉప్పు కాదు' అన్న మాట పూర్తికాకముందే ఆయన మీదికి ఉసిగొల్పినవ్. మొదటి దెబ్బ కొట్టిందెవరో చెప్పేటోళ్లు మాత్రం నాకు ఇంకా దొరకలే."

నేల మీద నుంచి లస్మవ్వ లేచింది. కొమురెల్లికి ఎదురుగా వచ్చి, అతని ముఖంలోకి చూసింది.

"రాడ్డు నువ్వే తెచ్చినవ్. మొదలు నువ్వే తలకాయ మీదేసినవ్. నేను పక్కనే ఉన్న." ఆమె ఎస్సైవైపు తిరిగింది. "గా ముచ్చట నేను చెప్త సారూ, యాడనన్న చెప్త. నా పేరు సుత రాయుండ్రి. గీడు రాడ్డేసిండు. పడ్డంక రాయి నేనేసిన."

తర్వాత కిటికీ దగ్గరున్న స్వరూపవైపు తిరిగింది.

"బిడ్డా," అంది లస్మవ్వ ఆమెతో. "నన్ను అవ్వా అని పిలిచిండు. పిలుస్తుంటెనే ఏసిన."

స్వరూప ఏడుస్తుందనీ, లేదా ఆ ముసలామె మీద పడి కొడుతుందనీ నవనీత భయపడింది. రెండూ జరగలేదు. స్వరూప కొంగు సవరించుకుంది.

"రాయించుకో అవ్వా," అంది. "నేనొద్దనను."

కైలాసానికి చేతులెత్తి దండం పెట్టి, బిడ్డ బడి నుంచి వచ్చే వేళయిందని చెప్పి బయటికి నడిచింది. కానిస్టేబుళ్లు కొమురెల్లిని పట్టుకున్నారు. జమున లేచి మొగుడి చెయ్యి పట్టుకోబోతే అతను వెనక్కి లాక్కున్నాడు. కాసేపాగి ఎస్సైని పక్కకు పిలిచి, ఫ్యాక్టరీ మళ్లీ ఎప్పుడు తెరుచుకోవచ్చని అడిగాడు.

నవనీత కైలాసం వైపు చూసింది. కేసు తేలినప్పుడల్లా ఆయన ముఖంలో కనిపించే వెలుగు ఈసారి లేదు. కళ్లజోడు తుడుచుకుంటూ తలొంచుకుని కూర్చున్నాడు.

ఎస్సై లస్మవ్వను కుర్చీలో కూర్చోబెట్టి కాగితం ముందుకు లాక్కున్నాడు. ఇంటిపేరు అడిగితే చెప్పింది. మొగుడి పేరు అడిగితే చెప్పింది.

"నీతోటి ఇంకెవరెవరు కొట్టిండ్రవ్వా?"

ఆమె తన అరచేతులను చూసుకుంది. తర్వాత ఊరి వాళ్ల పేర్లు ఒక్కొక్కటే చెప్పసాగింది. మొదట చెప్పింది తన కొడుకు హనుమంతు పేరు.